‘చెప్పినా చెయ్యడు’: పక్షవాతం తర్వాత ఎక్సర్‌సైజులు ఎందుకు ఆగిపోతాయి?

క్లుప్తంగా: పక్షవాతం వచ్చిన మనిషి వ్యాయామం మానేస్తే ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం కింద జమకడతారు. ఆ ఒక్క మాట కింద మెదడుకు తగిలిన దెబ్బ, దిగులు, అలసట, ‘చేస్తే మాత్రం ఏమొస్తుంది’ అన్న అనుమానం, ఇంటివాళ్ల అతి జాగ్రత్త, మెట్లు, డబ్బు అన్నీ కలగలిసి ఉంటాయి. ఏది ఎంతో విడదీయకుండా ధైర్యం చెబుతూ పోతే ఒరిగేది తక్కువ.

గుంటూరు కొత్తపేటలో గానీ, విజయవాడ సూర్యారావుపేటలో గానీ నరాల డాక్టర్ల ఓపీ బయట కాసేపు కూర్చుంటే తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటే. ‘డిశ్చార్జి అయిన కొత్తలో బాగానే చేశారండీ, ఇప్పుడు ఎంత చెప్పినా చెయ్యరు.’ మందుల చీటీ చూసి మోతాదు మార్చడం తేలికే. ఈ ఫిర్యాదుకు మాత్రం ఓపీలో దొరికే జవాబు సాధారణంగా ‘మనోబలం పెంచుకోవాలి’ అన్న ఒక్క వాక్యం. మనోబలం ఎలా పెరుగుతుంది, ఎందుకు తగ్గింది అన్నవి ఆ గదిలో తేలవు.

ఆరు నెలల లెక్క

మెదడు రక్తనాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటల గడువు ఉందన్న సంగతి ఇప్పుడు చాలామందికి తెలుసు. ఆ తర్వాత మొదలయ్యే రెండో గడువు గురించి ప్రచారం తక్కువ. దెబ్బతిన్న భాగం చుట్టుపక్కల నరాల దారులు కొత్తగా అల్లుకోవడం మొదటి మూడు నెలల్లో జోరుగా ఉంటుంది. ఆరు నెలల దాకా చెప్పుకోదగ్గ స్థాయిలో సాగి, తర్వాత నెమ్మదిస్తుంది. ఆగిపోదు గానీ, అదే ఫలితానికి అప్పుడు చాలా ఎక్కువ కష్టపడాలి.

ఈ అల్లిక సాధన ఉంటేనే జరుగుతుంది, అదీ లెక్కకు మిక్కిలిగా. 2009లో అమెరికా, కెనడాల్లో ఫిజియోథెరపీ సెషన్లను పక్కన కూర్చుని లెక్కపెట్టిన పరిశోధకులకు, చేతిని పనిలో పెట్టే కదలికలు సెషన్‌కు సగటున 32 మాత్రమే కనిపించాయి. జంతువుల మీద ప్రయోగాల్లో మెదడు మారడానికి వందల్లో కావలసి వచ్చాయి. గంట సెషన్‌లో 300 దాకా చేయించడం మనుషులతోనూ సాధ్యమేనని ఆ మరుసటి ఏడాదే తేలింది. బ్రిటన్ 2023 మార్గదర్శకాలు రోజుకు కనీసం మూడు గంటలు, వారానికి ఐదు రోజుల సాధన ఉండాలంటాయి. మన దగ్గర ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్ట్ ముప్పావు గంటో గంటో ఉండి వెళ్తారు. మిగతా సాధనంతా ఇంట్లోనే, ఎవరూ చూడని వేళల్లో జరగాలి. మనసు ఇష్టపడకపోతే అది జరగదు. ఈ రోగంలో ఇష్టాయిష్టాలకు ఇంత ప్రాధాన్యం అందుకే.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా. ఎంత తొందరగా ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోకూడదు. 2,104 మందితో జరిగి 2015లో వెలువడిన అవెర్ట్ అనే వైద్య పరీక్షలో, పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే ఎక్కువసేపు లేపి నడిపించినవారి ఫలితాలు మామూలుగా చూసినవారి కన్నా తగ్గాయి. మొదటి రోజుల వేగాన్ని డాక్టరే నిర్ణయించాలి.

ఉదాసీనత వేరు, దిగులు వేరు, అలసట వేరు

ఈ మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. మనిషి మంచం మీద నుంచి లేవడు. కానీ లోపల జరిగేది వేరు, చేయవలసిందీ వేరు.

మొదటిది ఉదాసీనత. మెదడు ముందుభాగానికీ లోపలి బేసల్ గాంగ్లియా అనే భాగానికీ మధ్య ఉన్న దారులు దెబ్బతింటే ‘లేద్దాం’ అన్న ఉద్దేశం పుట్టే యంత్రాంగమే మందగిస్తుంది. ఆ మనిషికి బాధ ఉండదు, ఏడవడు, ఎలా ఉందంటే ‘బాగానే ఉంది’ అంటాడు. పట్టుకుని లేపి నిలబెడితే చక్కగా నాలుగడుగులు వేస్తాడు, వదిలేస్తే మళ్లీ కూర్చుంటాడు. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడో వంతుకు ఇది కనిపిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఇటువంటివారికి ఉపన్యాసం దండగ. ఇక్కడ పనికొచ్చేది బయటి నుంచి అందే ప్రేరణ: రోజూ ఒకే సమయం, ఒకే కుర్చీ, ఫోన్‌లో అలారం, మొదటి కదలికకు ఎవరో ఒకరి చెయ్యి. ‘చేస్తారా?’ అని అడిగితే వద్దన్న జవాబే వస్తుంది. ‘ఆరున్నరైంది, ముందు కాలుతో మొదలుపెడదామా, చేత్తోనా?’ అంటే రెండింట్లో ఒకటి దొరుకుతుంది.

రెండోది దిగులు. ఇదీ ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి వస్తుంది. ఈ మనిషి బాధను అనుభవిస్తుంటాడు. ‘అందరికీ బరువైపోయాను’, ‘ఆ రోజే పోయినా బాగుండేది’ అన్న మాటలు, నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం దీని గుర్తులు. గత రెండు వారాల్లో ఎక్కువ రోజులు మనసు కుంగిపోయి ఉందా, ఇదివరకు ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయిందా అన్న రెండు ప్రశ్నలతో తొలి వడపోత చేయవచ్చు. ఏ ఒక్కదానికి అవునన్నా డాక్టర్‌కు చెప్పాలి. మాట పడిపోయినవారికి ఈ ప్రశ్నలు సరిపోవు. వారి నిద్ర, తిండి, కన్నీళ్లు ఇంటివాళ్లే గమనించి చెప్పాలి. చచ్చిపోవాలన్న మాట వస్తే తర్వాతి చెకప్ దాకా ఆగకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.

మందుల విషయంలో ఒక అపోహ ఉంది. దిగులు మందు వేస్తే కాలూ చెయ్యీ కూడా త్వరగా వస్తాయని 2011 నాటి ఒక చిన్న ఫ్రెంచ్ పరీక్ష ఆశ పెట్టింది. 2018లో బ్రిటన్‌లో 3,127 మందికి ఆరు నెలలు జరిగిన ఫోకస్ పరీక్ష దాన్ని తోసిపుచ్చింది. ఫ్లూవాక్సెటిన్ అనే దిగులు మందు వేసుకున్నవారిలో కొత్తగా దిగులు రావడం తగ్గింది గానీ కదలికల్లో తేడా లేదు. పైగా ఎముకలు విరగడం పెరిగింది. అంటే దిగులు ఉన్నవారికి మందు అవసరమే. దిగులు లేనివారికి టానిక్‌లా రాయించుకోవడం మాత్రం అనవసరం.

మూడోది అలసట. సగం మంది దాకా దీని గురించి చెబుతారు. చేయాలని ఉంటుంది, పది నిమిషాలకే ఒళ్లు కూలబడిపోతుంది. నిద్రపోయినా తీరదు. దీనికి మందు సాధనను ముక్కలు చేయడమే: 40 నిమిషాలు ఒకేసారి కాకుండా నాలుగు సార్లు పదేసి నిమిషాలు. స్నానం కూడా ఒక పెద్ద వ్యాయామమే కాబట్టి స్నానం అవగానే ఫిజియో సమయం పెట్టకూడదు. కృష్ణా, గుంటూరు ఎండల్లో మే నెల మధ్యాహ్నాలను లెక్కలోంచి తీసేయాలి. బీపీ మాత్రలు వేసుకుంటూ నీళ్లు తక్కువ తాగితే నిలబడగానే కళ్లు తిరుగుతాయి. ఒకసారి తూలి పడితే ఆ భయం నెల రోజుల సాధనను మింగేస్తుంది.

వీటితో పాటు పొరపాటున ‘మొండితనం’ అనిపించుకునేవి మరికొన్ని. కుడి మెదడు దెబ్బతిన్న కొందరికి ఎడమ వైపు ప్రపంచమే తెలియదు. విస్తరిలో ఎడమ సగం అన్నం అలాగే మిగిలిపోతుంది, ఎడమ చెయ్యి తనదే కాదంటారు. తనకు జబ్బే లేదనుకునే మనిషి వ్యాయామం ఎందుకు చేస్తాడు? మాట అర్థం చేసుకునే శక్తి పోయినవారికి ‘మోకాలు చాపి పైకెత్తు’ అంటే అది శబ్దమే, చేసి చూపించాలి. కారణం లేకుండా భోరున ఏడ్చేవారూ, నవ్వేవారూ ఉంటారు. అది మెదడు అదుపు తప్పడమే తప్ప బాధ కాదు. అప్పుడు ఓదార్చడం కన్నా మాట మార్చడం మేలు.

చేస్తే వస్తుందన్న లెక్క

మనిషి కష్టపడేది ఫలితం కనిపిస్తుందనుకున్నప్పుడే. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ఈ నమ్మకానికి నాలుగు మూలాలు చెప్పాడు: తాను స్వయంగా సాధించిన చిన్న విజయం, తనలాంటివాడు సాధించడం చూడటం, నమ్మదగినవారి మాట, ఆ సమయంలో ఒంటి స్థితి. నాలుగింటిలో మొదటిదే బలమైనది. మన ఇళ్లలో మాత్రం మూడోదాని మీదే భారమంతా వేస్తాం.

ఇబ్బంది ఎక్కడంటే, పక్షవాతంలో మెరుగుదల కంటికి ఆనదు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉండదు. లక్ష్యం ‘మళ్లీ మామూలుగా నడవాలి’ అన్నదైతే ప్రతి రోజూ ఓటమే. అందుకే కొలత కావాలి. 2010లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరీక్షలో ఆసుపత్రిలో ఉన్న రోగులకు రోజూ చిన్న నడక పెట్టి ఎన్ని సెకన్లు పట్టిందో చెప్పి, మెచ్చుకున్నారు. వేరే చికిత్సేమీ అదనంగా ఇవ్వలేదు. డిశ్చార్జి నాటికి ఆ జట్టు సగటు వేగం సెకనుకు 0.91 మీటర్లు, ఏమీ చెప్పనివారిది 0.72. కొలిచి చెప్పడం తప్ప ఖర్చేమీ లేని పద్ధతి ఇది.

ఇంట్లో దీన్ని చేయడానికి వరండాలో సుద్దముక్కతో ఐదు మీటర్ల దూరంలో రెండు గీతలు గీస్తే చాలు. గీతకు ఒక మీటరు వెనక నుంచి బయలుదేరాలి, అవతలి గీత దాటాక ఆగాలి. ఫోన్ స్టాప్‌వాచ్‌తో రెండు గీతల మధ్య పట్టిన సెకన్లు చూసి గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాయాలి. పక్కన ఒక మనిషి బలహీనంగా ఉన్న వైపు నిలబడాలి. వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే వేళ. రోజూ కొలిస్తే నిద్ర చాలని రోజున అంకె పెరిగి నిరుత్సాహం వస్తుంది. నడక రాని దశలో కొలిచేది వేరు: ఆసరా లేకుండా మంచం అంచున ఎన్ని నిమిషాలు కూర్చున్నారు, కుర్చీలోంచి నిమిషంలో ఎన్నిసార్లు లేచారు. మూడు వారాలు అంకె కదలకపోతే తిట్టాల్సింది రోగిని కాదు, మార్చాల్సింది వ్యాయామాన్ని.

పోలిక రెండు వైపులా కోసే కత్తి. బ్రిటన్‌లో పక్షవాత రోగులతో మాట్లాడి 2000లో బీఎంజే అనే వైద్య పత్రికలో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తనకన్నా వెనకబడినవారితో పోల్చుకున్నప్పుడు ఉత్సాహం పెరగడం, ముందున్నవారితో పోల్చినప్పుడు తగ్గడం కనిపించింది. ‘పక్కింటాయన నెలకే లేచి తిరిగాడు’ అనే మాట ప్రోత్సాహమనుకుని అంటారు. పక్కింటాయనకు దెబ్బ తగిలిన చోటు వేరు, పరిమాణం వేరు. ఆ సంగతి రోగికి ఎవరూ చెప్పరు.

ముద్ద కలిపే చెయ్యి

కుడి చెయ్యి పడిపోతే తెలుగువాడికి వచ్చే మొదటి కష్టం సంతకం కాదు, అన్నం. ఎడమ చేత్తో తినడం నామోషీ. అందుకని ఇంట్లో ఒకరు కలిపి నోట్లో పెడతారు. అక్కడ మొదలయ్యే చక్రాన్ని శాస్త్రవేత్తలు ‘నేర్చుకున్న వాడకలేమి’ అన్నారు. ఎడ్వర్డ్ టాబ్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో బయటపడిన విషయం ఇది: మొదట్లో చెయ్యి కదలదు కాబట్టి వాడరు. కొన్ని వారాలకు కొంత శక్తి తిరిగి వచ్చినా, అప్పటికి వాడకపోవడం అలవాటై ఉంటుంది. చెయ్యి చేయగలిగినదానికీ, రోజూ నిజంగా చేస్తున్నదానికీ మధ్య ఏర్పడిన ఈ ఎడాన్ని సోమరితనం అంటాం.

2006లో అమెరికాలో 222 మందితో జరిగిన ఎక్సైట్ పరీక్షలో రెండు వారాల పాటు మంచి చేతికి మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం వరకు తొడుగు వేసి, పడిపోయిన చేత్తోనే పనులు చేయించారు. లాభం ఏడాది తర్వాత కూడా నిలిచింది. అయితే ఇది మణికట్టునూ వేళ్లనూ కొంతైనా పైకి ఎత్తగలిగినవారికే. చెయ్యి పూర్తిగా చచ్చుబడినవారికి తొడుగు వేయడం శిక్ష అవుతుంది.

ఇంట్లో దీనికి తగిన నిచ్చెన వంటింట్లోనే ఉంది. ముందుగా మింగడంలో ఇబ్బంది లేదని డాక్టరో స్పీచ్ థెరపిస్టో తేల్చాలి. దగ్గు, పొలమారడం ఉంటే ఇవేవీ వద్దు. మొదటి మెట్టు కంచాన్ని కుడి చేత్తో కదలకుండా ఆనించి ఉంచడం. తర్వాత ఖాళీ స్టీలు గ్లాసు పట్టుకుని పెదవుల దాకా తేవడం, ఆపైన పావు గ్లాసు నీళ్లతో. తినడానికి మొదట ఇడ్లీ ముక్క, అది జారదు. తర్వాత గట్టి ఉప్మా, ముద్దపప్పు అన్నం. చారన్నం, మజ్జిగన్నం ఆఖరున. చాలామంది మొదటి రోజే చారన్నంతో మొదలుపెట్టి, బట్టల మీద పోసుకుని, పదిమందిలో సిగ్గుపడి ఆపేస్తారు. మొదటి పది ముద్దలు సొంత చేత్తో, అలసిపోయాక మిగతాది ఎవరైనా పెట్టవచ్చు. ఆ పది ముద్దలూ బంధువులు లేని పూట తింటే ఇంకా మంచిది.

సేవ ఎక్కువైతే

బీఎంజే అధ్యయనంలో ఉత్సాహాన్ని తగ్గించేవాటిలో ముందు వరసలో కనిపించింది కుటుంబం, సిబ్బంది చూపించే అతి సంరక్షణ. మన సమాజంలో దీనికి ఇంకో పొర ఉంది. తండ్రిని లేవనివ్వకుండా అన్నీ మంచం దగ్గరికి తెచ్చే కొడుకే మంచి కొడుకు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పెద్దాయన ఐదు నిమిషాలు తంటాలు పడుతుంటే చూస్తూ నిలబడ్డ కోడలికి ఊళ్లో చెడ్డపేరు. ఇంటివాళ్లకు తెలియక కాదు, లోకం మాట భయం. కాబట్టి డాక్టరో ఫిజియోథెరపిస్టో బంధువుల ముందే ‘ఇది ఆయన్నే చేసుకోనివ్వాలి’ అని చెప్పడం వల్ల ఆ కోడలికి అనుమతి దొరుకుతుంది. ఇది చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, చాలా ఇళ్లలో తాళం ఇక్కడే ఉంటుంది.

ఆచరణలో ఒక సులువు: ఏ పనికైనా ముందు అర నిమిషం చేతులు కట్టుకుని ఆగడం, తర్వాత మాట సాయం, ఆఖరుకు చెయ్యి సాయం. లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టి లాగకూడదు. కండరాల పట్టు లేని భుజం కీలు జారి నొప్పి పట్టుకుంటుంది. వ్యాయామమంటే నొప్పి అని ఒకసారి ముద్ర పడితే అది చెరగడానికి నెలలు పడుతుంది. నడుముకు కట్టిన గట్టి బెల్టునో, రెండో వైపు నడుమునో పట్టుకోవాలి.

పరామర్శలూ అంతే. ‘ఎలాంటి మనిషి ఎలా అయిపోయాడు’ అన్న మాట రోగి తల దగ్గర నిలబడి అంటారు. మాట పడిపోయినవారికి వినిపించదనుకుంటారు. వినిపిస్తుంది.

అలాగని భారమంతా కుటుంబం మీద వేస్తే సరిపోతుందా? సరిపోదని మన దేశంలోనే తేలింది. 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో జరిగి 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అటెండ్ పరీక్షలో, ఇంట్లో ఒకరికి శిక్షణ ఇచ్చి వ్యాయామాలు చేయించారు. ఆరు నెలల తర్వాత చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి ఆ జట్టులోనూ, మామూలు చికిత్స జట్టులోనూ 47 శాతమే. కుటుంబం నైపుణ్యానికి ప్రత్యామ్నాయం కాదు. ఫిజియోథెరపిస్ట్ ఇచ్చిన సాధనను రోజంతా పనికొచ్చేలా పరచడమే కుటుంబం చేయగలిగింది.

కొండ మీద ఇల్లు, పింఛను, పసరు

విజయవాడలో కొండవాలు ఇళ్లలో ఉండే వేల కుటుంబాలకు ఫిజియోథెరపీ అంటే ముందు వంద మెట్లు. దిగాలంటే ఇద్దరు మనుషులు, ఆ తర్వాత ఆటో. ఆ ఇద్దరిలో ఒకరు ఆటోనగర్‌లో షెడ్డుకో, గుంటూరులో అయితే మిర్చి యార్డుకో వెళ్లే మనిషైతే ఆ రోజు కూలి పోయినట్టే. రోగికి ఆ లెక్క తెలుసు. ‘నాకు ఓపిక లేదు, రాను’ అన్న మాట వెనక చాలాసార్లు ఉండేది కొడుకు కూలి. ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా ఎక్కువ. తనకోసం ఖర్చు వద్దనడం వారికి అలవాటు. దానికి తోడు, కాస్త నిలబడగలిగితే చాలు వంటింటి పని మీద పడుతుంది, అదే వ్యాయామమని ఇంట్లో అనుకుంటారు. మంచి చేత్తో చేసే వంట పడిపోయిన చేతికి వ్యాయామం కాదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి దివ్యాంగులకు నెలకు 6,000, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు ఇస్తున్నారు. సంపాదించే మనిషి మంచాన పడ్డ ఇంటికి ఇది ప్రాణాధారం. కానీ రెండు అంకెల మధ్య 9,000 తేడా ఉంది. లేచి నడిస్తే అది పోతుందన్న భయం సదరం (వైకల్య ధ్రువీకరణ) పరిశీలనల సమయంలో బయటికి వస్తుంది. దీన్ని మోసం అనడం తొందరపాటు. రెండు మూడు వేల సంపాదన కూడా మళ్లీ గ్యారంటీ లేని మనిషికి, కోలుకోవడం ఆదాయం తగ్గడంగా కనిపించడం సహజం. ఫిజియోథెరపిస్ట్ ఈ సంగతి ఎరిగి ఉంటే, లక్ష్యాన్ని నడకతో కాకుండా బాత్రూంకు సొంతంగా వెళ్లడంతో మొదలుపెట్టవచ్చు. పింఛను ఎంతైనా ఆ గౌరవం వద్దనేవాళ్లు అరుదు.

పసరు మందుల పత్యం ఇంకో అడ్డు. పావురం రక్తం పూయడం దగ్గర్నుంచి దూరపు ఊళ్లకు వెళ్లి నలభై రోజుల మందు తెచ్చుకోవడం దాకా ఉన్నాయి. పసరు వల్ల మేలో కీడో అన్న చర్చ పక్కన పెడితే, అసలు నష్టం ఆ రోజుల్లో బీపీ, రక్తం పలచబరిచే మాత్రలు, వ్యాయామం ఆపేయడం. మొదటి మూడు నెలల్లో నలభై రోజులంటే దాదాపు సగం. వద్దని కసురుకుంటే దాచి వాడతారు. ‘మాత్రలూ ఫిజియోథెరపీ మాత్రం ఆపకండి, లోపలికి ఏం తీసుకున్నా ముందు చెప్పండి’ అంటే కనీసం ఆ రెండూ నిలుస్తాయి.

డిశ్చార్జి రోజు చెప్పాల్సినవి

ఉత్సాహాన్ని చంపేవాటిలో ఆసుపత్రి చేతిలో ఉన్నది పొంతనలేని మాటలు. ఒకరు విశ్రాంతి తీసుకోమంటారు, ఇంకొకరు బాగా నడవమంటారు, మూడోవారు ఆరు నెలల్లో అదే వస్తుందంటారు. డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లిష్‌లో ఉంటుంది. దానితో పాటు తెలుగులో ఒక పేజీ ఇస్తే చాలా గందరగోళం తీరుతుంది. దెబ్బ మెదడులో ఎటువైపు తగిలింది, వచ్చే నాలుగు వారాల్లో ఏది రావచ్చు, ఏది అప్పుడే రాదు. రోజుకు ఏ వ్యాయామం, ఎన్నిసార్లు. ఏ పని రోగిదే, ఏ పనికి సాయం. ఛాతీ నొప్పి, విపరీతమైన ఆయాసం, కళ్లు తిరగడం వస్తే వ్యాయామం ఆపి డాక్టర్‌ను సంప్రదించాలనీ, కొత్తగా మూతి వంకర పోవడం, మాట తడబడటం, చెయ్యి వాలిపోవడం కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేయాలనీ అందులో పెద్ద అక్షరాలతో ఉండాలి. పేజీ అడుగున మళ్లీ రావలసిన తేదీ రాసి, ఆ రోజు క్యాలెండర్‌లో రాసిన సెకన్ల అంకెలు వెంట తెమ్మని చెప్పాలి.